పాత ఏటీవీ బేరం: నిమ్మతోటకు ఏది పనికొస్తుంది, పందుల సంగతేంటి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర పల్లె. ఆరెకరాల నిమ్మతోట, కొండ వారన మూడెకరాల వేరుశనగ, చెరువు కింద రెండెకరాల కయ్యలు ఉన్నాయి. మందు కొట్టడానికి, ఎరువు మూటలు లోపలికి, కాయల బస్తాలు రోడ్డు దాకా చేర్చడానికి కూలీలు దొరకడం లేదు. రాత్రిళ్లు అడవిపందులు వేరుశనగ తవ్విపోస్తున్నాయి. బైకులా హ్యాండిల్ పట్టుకుని నడిపే నాలుగు చక్రాల బండి, ఏటీవీ, ఒకటి పాతది కొందామని చూస్తున్నాను. రెండు బేరాలు వచ్చాయి. ఒకటి రిసార్టులో తిరిగిన 250 సీసీ చైనా బండి, లక్షా పదివేలు చెబుతున్నారు. రెండోది చెన్నైలో ఒకాయన ఫామ్‌హౌస్‌లో ఉన్న పోలారిస్ స్పోర్ట్స్‌మాన్ 570, 2016 మోడల్ అంటున్నారు, నాలుగు లక్షల ఇరవై వేలు. దానికి ఆర్సీ లేదట. మా బావమరిది అయితే ఈ బండుంటే రాత్రిపూట పందుల వేటకు కూడా పోవచ్చంటున్నాడు. ఏది కొనమంటారు? కొనేముందు ఏమేం చూడాలి?

జవాబు: ముందు మీ బావమరిది మాట తేల్చేద్దాం. బండి ఏదైనా దాన్ని వేటకు తీశారంటే డబ్బుతో పాటు బండీ పోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కు 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో అడవిపంది రెండో షెడ్యూల్లో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ చట్టం దృష్టిలో వేటంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు వేసినా, ఎర పెట్టినా, పట్టడానికి తరిమినా వేటే, ప్రయత్నం చేసినా వేటే. నేరానికి వాడిన వాహనాన్ని పట్టుకుంటే 39వ సెక్షన్ కింద అది ప్రభుత్వ ఆస్తి అవుతుంది. పెంచలకోన వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం హద్దుల్లో దొరికితే శిక్ష ఇంకా పెద్దది. పంట పాడుచేసే జంతువు విషయంలో 11వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారికి ఉంది. అది కారణాలు చూపి రాతపూర్వకంగా ఇచ్చేది. నష్టం జరిగిన రోజే ఫొటోలు తీసి, సర్వే నంబరుతో అటవీ రేంజి ఆఫీసులో అర్జీ పెట్టడం దగ్గర్నుంచి ఆ దారి మొదలవుతుంది.

మీ చేలోకి వచ్చిన పందిని లైటు వేసి, చప్పుడు చేసి బయటికి అదిలించడం వేరు. బండేసుకుని దాని వెంట కొండలోకి పోవడం వేరు. రెండోది చట్టం సంగతి అటుంచి, ప్రాణం మీదకు తెచ్చేది కూడా. మన మెట్టల్లో గట్టు కట్టని నేలబావులు ఎన్ని ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. పంది మీద కన్ను పెట్టి గంటకు 30 కిలోమీటర్లతో పోయేవాడికి బావి కనిపించదు. మూడెకరాల వేరుశనగకు మంచి కాపలా సోలార్ కంచె. తీగకు కరెంటు పంపే ఎనర్జైజర్ పెట్టె కొట్టే షాకు క్షణంలో వెయ్యోవంతు సేపు మాత్రమే ఉంటుంది, పంది వెనక్కి తగ్గుతుంది గానీ చావదు. పంది ముట్టెతో తోసుకొస్తుంది కాబట్టి కింది తీగ నేలకు జానెడు ఎత్తుకు మించకూడదు, దానికి గడ్డి తగలకుండా వారానికోసారి కోయాలి. గడ్డి తగిలితే కరెంటు భూమిలోకి పోతుంది, కంచె ఉత్త తీగే అవుతుంది. మోటారు లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. తెల్లవారి నీళ్లు కట్టడానికి పోయిన మనిషి పోతాడు, మీరు జైలుకు పోతారు.

ఇక బండి. ఏటీవీ గురించి మనవాళ్లలో ఉన్న పెద్ద అపోహ అది చిన్న ట్రాక్టరన్నది. కాదు. దానికి పీటీవో (ఇంజను బలంతో పనిముట్లను తిప్పే షాఫ్టు) ఉండదు, హైడ్రాలిక్ లిఫ్టు ఉండదు. రోటవేటరు తిప్పలేదు, నాగలి లాగలేదు. అది మోస్తుంది, లాగుతుంది, తిరుగుతుంది, అంతే. కాబట్టి మీ పనిని లీటర్లలో, కిలోల్లో కొలిచి చూడండి.

నిమ్మను ఆరు మీటర్ల ఎడంతో పెట్టారనుకుంటే ఎకరానికి 110 చెట్లు. కాపు చెట్టు లోపలి కొమ్మలు కూడా తడవాలంటే చెట్టుకు ఎనిమిది లీటర్ల మందు నీళ్లు పోతాయి. ఎకరానికి 880 లీటర్లు, ఆరెకరాలకు దాదాపు 5,300 లీటర్లు. స్పోర్ట్స్‌మాన్ 570 వెనక క్యారియర్ మీద మోయగలిగింది 82 కిలోలు, ముందు దాని మీద 41 కిలోలు. అంటే వెనక 45 కిలోల యూరియా మూట ఒకటి పెట్టొచ్చు, రెండోది పెడితే పరిమితి దాటినట్టే. క్యారియర్ మీద 70 లీటర్ల ట్యాంకు పెట్టి తోట మొత్తం కొట్టాలంటే 76 సార్లు నింపుకోవాలి. అదే 200 లీటర్ల డ్రమ్ముతో చిన్న ట్రాలీ కడితే 27 సార్లు. నీళ్లు 200 కిలోలు, పంపూ దాని ఇంజనూ 30, ట్రాలీ ఇనుము 100 నుంచి 120. మొత్తం 350 కిలోల లోపు. 570 బండికి లాగే పరిమితి సుమారు 550 కిలోలు, కాబట్టి చదునులో అది సులువుగా లాగుతుంది. కట్టలు ఎక్కి దిగేచోట సగం నిండిన డ్రమ్ములో నీళ్లు ఒక పక్కకు కొట్టుకొచ్చి ట్రాలీని ఊపుతాయి, అక్కడ నడక వేగం దాటకూడదు. ఈ పని 250 చైనా బండితో కాదు. పుల్లింగుకు లో గేరు లేదు, ఎండాకాలం నెమ్మదిగా నడిపితే గాలితో చల్లబడే ఇంజను వేడెక్కిపోతుంది, నాలుగో డ్రమ్ముకే క్లచ్ ప్లేట్ల వాసన వస్తుంది.

రిసార్టు బండిని నా లెక్కలో ఇక్కడే కొట్టేయొచ్చు. అయినా ధర చూసి మనసు లాగుతుంది కనుక కారణాలు చెబుతాను. ఈ బండ్లలో చాలావాటికి వెనక చక్రాలకు మాత్రమే డ్రైవ్. చైను ఒకే గట్టి యాక్సిల్‌ను తిప్పుతుంది, డిఫరెన్షియల్ ఉండదు. అంటే మలుపులో రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి, లోపలి చక్రం నేలను గీరుతుంది. మీ చెట్ల వరసల మధ్య రోజుకు వందసార్లు తిప్పితే పాదుల గట్లు పోతాయి, యాక్సిల్ బేరింగులూ పోతాయి. పైగా రిసార్టులో దాన్ని ప్రతి పది నిమిషాలకూ ఒక కొత్త మనిషి నడిపి ఉంటాడు, వాళ్లలో బ్రేకు, యాక్సిలరేటరు కలిపి నొక్కేవాళ్లే ఎక్కువ. చూడాలనే ఉంటే వెనక భాగం ఎత్తి, చక్రం తిప్పుతూ యాక్సిల్ చివర కన్ను పెట్టండి. చివర గుండ్రంగా ఊగుతూ తిరిగితే యాక్సిల్ వంగింది. సముద్రం ఒడ్డున తిరిగిన బండి అయితే ఇక ఏమీ చూడక్కర్లేదు. ఉప్పు గాలికి ఫ్రేము పైపులు లోపలి నుంచి తింటాయి, వైరింగు కనెక్టర్లు పచ్చగా చిలుము పడతాయి, పైన రంగు మాత్రం నిగనిగలాడుతుంది.

స్పోర్ట్స్‌మాన్ 570 మంచి బండి. 567 సీసీ, ఒకే సిలిండరు, నీటితో చల్లబడే ఇంజను, ఫ్యూయల్ ఇంజెక్షను, 44 హార్స్‌పవర్, బెల్టుతో నడిచే ఆటోమేటిక్, చైను లేకుండా షాఫ్టు డ్రైవ్, వెనక చక్రాలకు విడివిడి సస్పెన్షను. మంచి బండి అయినంత మాత్రాన ఆ బండి మంచిది కావాలని లేదు. చూసుకోవడానికి వెళ్లేటప్పుడు జాకీ, టార్చి, మల్టీమీటరు, స్పానర్ల సెట్టు, తెల్లగుడ్డ ముక్క, అయిదు పీఎస్ఐ కూడా చదవగలిగే తక్కువ ప్రెషర్ గేజి పట్టుకెళ్లండి. కారు టైరు గేజి దీనికి పనికిరాదు.

అమ్మే ఆయనకు ముందే ఫోన్ చేసి 'మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు' అని చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, ఉదయం చల్లటి ఇంజను స్టార్టు కావడంలో ఏదో ఇబ్బంది ఉందని దాచిపెట్టారని అనుకోవచ్చు. తాళం తిప్పగానే పెట్రోలు పంపు రెండు మూడు క్షణాలు సన్నగా హమ్మని ఆగాలి. చప్పుడే లేకపోతే పంపు లేదా దాని రిలే అనుమానించాలి. నెలల తరబడి నిలవున్న పెట్రోలు ఇంకో చిక్కు. ఈ బండికి కంపెనీ చెప్పింది 10 శాతం దాకా ఇథనాల్ ఉన్న పెట్రోలు, మన బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతంది. పెట్రోలు గొట్టాలు పట్టుకుని నొక్కి చూడండి. గట్టిపడినా, పగుళ్లున్నా, జిగటగా ఉన్నా మార్చాల్సిందే.

ఇప్పుడు అసలు చోటు. సీటు తీస్తే కింద ఎయిర్ బాక్సు మూత ఉంటుంది. క్లిప్పులు విప్పి ఫిల్టరు బయటికి తీయండి. ఫిల్టరు మురికిగా ఉండటం తప్పు కాదు, అది మురికి పట్టడానికే ఉంది. ఫిల్టరు దాటిన తర్వాత ఇంజను వైపు పోయే గొట్టంలో తెల్లగుడ్డ చుట్టిన వేలు పెట్టి తుడవండి. గుడ్డకు నూనె మరక వస్తే పర్లేదు. మన ఎర్రమట్టి ధూళి పౌడరులా అంటుకుందంటే బేరం అక్కడే ఆపేయండి. ఆ ధూళి ఇంజనులో సాన పొడిలా పనిచేస్తుంది, రింగులు, సిలిండరు గోడ అరిగిపోతాయి. ఆరు నెలల్లో నీలం పొగ మొదలవుతుంది, ఆయిలు తాగుతుంది, ఆ తర్వాత బోరు, పిస్టను పని. ఫిల్టరు సరిగా కూర్చోకపోయినా, బాక్సు మూత క్లిప్పు ఒకటి విరిగినా చాలు, ఇంత జరుగుతుంది. ఇది చూడటానికి అయిదు నిమిషాలు పడుతుంది. పదిమంది కొనేవాళ్లలో తొమ్మిదిమంది చూసేది టైర్లూ, రంగూ.

కంప్రెషను గేజి పట్టుకొచ్చిన మెకానిక్ రీడింగు తక్కువ ఉందని భయపెడితే కంగారు పడకండి. పెద్ద సింగిల్ సిలిండరు ఇంజన్లు చాలావాటిలో స్టార్టింగు తేలిక కావడానికి డీకంప్రెషను ఏర్పాటు ఉంటుంది, అది రీడింగును తగ్గిస్తుంది. అలాంటివాటికి సిలిండరులోకి గాలి ఎక్కించి ఎంత కారిపోతుందో చూసే లీక్‌డౌన్ పరీక్షే నమ్మకం. ఇంజను ఆయిలు, ముందు వెనక గేరు బాక్సుల ఆయిలు మూడూ తీసి చూడండి. ఏది మజ్జిగలా తెల్లగా ఉన్నా బండి నీళ్లలో మునిగింది. ఇంజను ఆయిలు ఒక్కటే మార్చి గేరు ఆయిలు మర్చిపోయే అమ్మకందార్లు ఎక్కువ.

బెల్టు రెండో అసలు చోటు. ఈ బండికి గేర్ల బదులు రెండు పుల్లీలు, వాటి మధ్య వెడల్పాటి రబ్బరు బెల్టు ఉంటాయి. హై, లో అనే గేర్లు మాత్రం ఉంటాయి. హై గేరులో పెట్టి బరువు లాగిస్తే పుల్లీ తిరుగుతుంది, బండి కదలదు, బెల్టు ఒకేచోట కాలి నడుం సన్నబడుతుంది. తర్వాత నెమ్మదిగా కదిలేటప్పుడు టక్ టక్‌మని ఒక కుదుపు, చక్రానికి రాయి అంటుకున్నట్టు. కవరు బోల్టులు విప్పి చూడటానికి ఒప్పించండి. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నా, దారాలు బయటపడినా అది మార్చాలి. అంతకన్నా ముఖ్యం పుల్లీ లోపలి ముఖాలు. వాటి మీద గోరు ఆనే గాడి పడి ఉంటే కొత్త బెల్టు కూడా నిలవదు, క్లచ్ మొత్తం బాగు చేయాలి. కొన్న తర్వాత మీరు ఒకటే గుర్తుంచుకోండి: ట్రాలీ తగిలించారా, లో గేరులోనే కదలాలి.

తర్వాత జాకీ. ఒక్కో చక్రం ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి, కదిలితే బేరింగు లేదా బాల్ జాయింటు. పక్కలు పట్టుకుని ఊపితే కదిలేది స్టీరింగు టైరాడ్ చివర. డ్రైవ్ షాఫ్టుల రబ్బరు బూట్లు నాలుగు చక్రాల దగ్గరా లోపలా బయటా ఎనిమిది ఉంటాయి. మన దగ్గర వీటి శత్రువు సర్కారుతుమ్మ పుల్ల. చిన్న చీలిక పడితే గ్రీజు బయటికి చిమ్మి, మట్టి లోపలికి పోయి జాయింటు అరిగిపోతుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా నడిపితే కట కటమని వినిపిస్తుంది. ఫ్రేములో టార్చి వేయాల్సిన చోట్లు చక్రాలను ఫ్రేముకు పట్టి ఉంచే 'ఏ-ఆర్మ్‌'ల మూలాలు, ఫుట్‌రెస్టు కింద, వెనక హుక్కు దగ్గర. అక్కడ మాత్రమే కొత్త రంగు కనిపిస్తే దాని కింద వెల్డింగు ఉంటుంది.

రేడియేటరు రెక్కల్లో గడ్డి, బురద గట్టిపడి ఉందేమో చూసి, బండిని నిలబెట్టి నడవనివ్వండి. ఫ్యాను తనంతట తాను తిరగడం మొదలుపెట్టేదాకా ఆగండి. ఈ లోపు బ్యాటరీకి మల్టీమీటరు పెట్టండి. ఇంజను ఆపినప్పుడు 12.6 వోల్టుల దగ్గర, కొంచెం రేసు చేస్తే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. పెరగకపోతే బ్యాటరీని చార్జి చేసే స్టేటరో రెగ్యులేటరో పోయినట్టు.

ఫోర్ వీల్ పరీక్ష రోడ్డు మీద చేస్తే ఏమీ తేలదు. స్విచ్చి నొక్కినా వెనక చక్రాలు జారినప్పుడే ముందువి అందుకుంటాయి. వాగు ఇసుకలోనో, తడి కయ్యలోనో వెనక చక్రాలు దిగబడేలా పెట్టి యాక్సిలరేటరు ఇవ్వండి. ముందు చక్రాలు పట్టుకుని లాగాలి. ఊరికే నిలబడిపోతే ముందు గేరుబాక్సుకు పోయే వైరు దగ్గర్నుంచి వెతకాలి. వైరే అయితే చిన్న ఖర్చు, లోపలి కాయిలో రోలర్లో అయితే పెద్దది. ఏదో తెలియనంతవరకు పెద్దదనుకునే బేరం చేయండి.

టైర్లు చివర చెబుతున్నానని తేలిగ్గా తీసుకోకండి. ఇవి అయిదు నుంచి ఏడు పీఎస్ఐ గాలితో నడిచే మెత్తటి టైర్లు. డ్రిప్పు పైపు మీదుగా పోయినా నలగదు, తడి నేలలో గాడి పడదు, ట్రాక్టరు కన్నా తోటకు ఇదే మేలు. కానీ నిమ్మముల్లుకు ఇవి వెన్నముద్దలు. కత్తిరింపులు అయ్యాక కొమ్మలు ఏరకుండా బండి దింపారంటే రోజుకు రెండు పంక్చర్లు ఖాయం. ట్యూబ్‌లెస్ ప్లగ్గుల కిట్టు, చిన్న 12 వోల్టుల కంప్రెసరు బండిలోనే ఉండాలి. ముళ్ల తోటకు టైరు సీలెంటు పోయించుకోవడం దండగ ఖర్చు కాదు.

కాగితాల సంగతి అసలు పెద్ద చిక్కు. పోలారిస్ 2021లో ట్రాక్టరు కింద రిజిస్టరయ్యే స్పోర్ట్స్‌మాన్ 570ని తెచ్చింది. 2016 బండి అది కాదు, దానికి ఆర్సీ రాదు. ఆవరణ లోపల తిప్పుకోవచ్చు గానీ తోట నుంచి కయ్యలకు పోవడానికి పంచాయతీ రోడ్డెక్కారంటే రిజిస్ట్రేషను, బీమా రెండూ లేని బండితో రోడ్డు మీద ఉన్నట్టే. ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం మొత్తం మీ జేబులోంచి. మీ తోటకూ కయ్యలకూ మధ్య రోడ్డు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ బేరానికి సగం విలువ పోయింది. ఆర్సీ లేని బండికి కనీసం మొదటి కొనుగోలు ఇన్‌వాయిసు ఉండాలి, అందులోని 17 అక్షరాల నంబరు ఫ్రేము మీద చెక్కినదానితో ఒక్కో అక్షరం కలవాలి. ఆ నంబరులో పదో అక్షరం ఇంగ్లిషు 'జీ' అయితేనే 2016 మోడలు, 'ఎఫ్' అయితే 2015. ఆర్సీ ఉన్న తమిళనాడు బండి ఇంకెప్పుడైనా తగిలితే ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), పేరు మార్పిడికి ఫారం 29, 30 సంతకాలు తీసుకోకుండా డబ్బు మొత్తం ఇవ్వకండి.

నన్నడిగితే, మీ పొలానికి మొదట చూడాల్సింది ఏటీవీ కాదు, పాత ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టరు. 24 హార్స్‌పవర్ మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బీ2441, లేదా 18.5 హార్స్‌పవర్ వీఎస్‌టీ శక్తి 180డీలో ఫోర్ వీల్ రకం. ఆరు మీటర్ల వరసలో ఏదైనా తిరుగుతుంది. పీటీవోకు ఎక్కువ ఒత్తిడితో మందు చిమ్మే హెచ్‌టీపీ పంపు పెట్టి, పెద్ద ట్యాంకు, పొడవాటి హోసుతో మందు కొడితే 27 సార్లు నింపే పని పదికి వస్తుంది. వరసల మధ్య రోటవేటరు, వేరుశనగకు గుంటక, కాయల బస్తాలకు ట్రాలీ అన్నీ దానితోనే. ఆర్సీ, బీమా ఉంటాయి. సామాను నెల్లూరులో దొరుకుతుంది, ఊళ్లో మెకానిక్కు చెయ్యి వేస్తాడు. పోలారిస్ బెల్టు తెగితే పార్శిల్ వచ్చేదాకా బండి చెట్టు కిందే. ఒక్క లోపం ఉంది: పాత తోటలో కొమ్మలు కిందికి వాలి ఉంటే ట్రాక్టరు మీద కూర్చున్న మనిషి మొహానికి ముళ్లు గీసుకుంటాయి, అలా వాలిన కొమ్మలు తీయించాలి.

తోట, చేను, కయ్యలు ఒకే చుట్టులో ఉండి, దున్నే పనికి ఎలాగూ బాడుగ ట్రాక్టరు వస్తుంటే మాత్రం 570 తీసుకోవడంలో తప్పు లేదు. అప్పుడు ఫిల్టరు గొట్టం, బెల్టు, ఇసుకలో ఫోర్ వీల్ మూడూ నెగ్గితేనే ముందుకెళ్లండి. చిన్నాచితకా లోపాలకు బూట్లు, బేరింగులు, బ్యాటరీ ధర విడివిడిగా రాసుకుని అంత మొత్తం ధరలోంచి తగ్గించమనండి. పరీక్షకు ఇసుకలోకి దింపనివ్వను, బెల్టు కవరు విప్పనివ్వను అంటే టోకెను అడ్వాన్సు కూడా ఇవ్వకుండా తిరిగి రండి. కొన్నాక మొదటి వారంలోనే ఇంజను ఆయిలు, రెండు గేరు బాక్సుల ఆయిలు, కూలెంటు, బ్రేకు ఆయిలు, ఎయిర్ ఫిల్టరు మార్చి, ఆ రోజు మీటరు మీద ఉన్న గంటలు సీటు కింద పెయింటుతో రాసిపెట్టుకోండి. వేసవి ధూళిలో ఫిల్టరు ప్రతి 10 గంటల పనికోసారి తీసి చూడాలి. వెనక ఇంకో మనిషిని ఎక్కించుకోకండి, ఇది ఒక్కరి బండి. వెనక బరువు పెరిగితే గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి బండి మీదికే తిరగబడుతుంది. హెల్మెట్ లేకుండా ఎక్కకండి, పిల్లలకు తాళం అసలే ఇవ్వకండి.